గంటసేపు రోడ్డు పనికి ట్రాఫిక్ ప్లాన్ ఎలా వేస్తున్నారు? (కేబుల్, పైపు, మ్యాన్‌హోల్ పనులు)

కేబుల్_గ్యాంగ్
అందరికీ నమస్కారం. నేను భూగర్భ కేబుల్ ఫాల్ట్‌లు చూసే గ్యాంగ్‌కి సూపర్‌వైజర్ని. నెలల తరబడి సాగే పెద్ద రోడ్డు పనికైతే ట్రాఫిక్ ప్లాన్ డ్రాయింగుతో సహా వస్తుంది, బోర్డులొస్తాయి, మనుషులొస్తారు. మాకు అలా కుదరదు. ఫోన్ రాగానే బండి తీస్తాం, ఫాల్ట్ ఎక్కడుందో పట్టుకుంటాం, గొయ్యి తీసి జాయింట్ వేసి పూడ్చేసి వచ్చేస్తాం. బండిలో ఉండేది 6 కోన్లు, 'పని జరుగుచున్నది' అని ఒక బోర్డు, రెండు ఎర్ర జెండాలు, అంతే. "ఇంతోటి పనికి ప్లానేంటి" అన్నది పైనుంచి కిందిదాకా అందరి మాటా. గోతిలో కూర్చున్నవాడి వీపు పక్కనుంచే లారీలు పోతుంటే మాత్రం పని అయ్యేదాకా నాకు టెన్షనే. ప్రతి పనికీ కొత్తగా డ్రాయింగ్ వేయించే వీల్లేదు. మీరంతా ఏం చేస్తున్నారో చెప్పండి.

నీటిపైపు
మావి పైప్‌లైన్ లీకులు, వాల్వులు. వాల్వు తిప్పి రీడింగ్ రాసుకునే పని పావుగంటలో అయిపోతుంది. దానికి బీకన్ లైటు వేసి, బండిని అడ్డంగా ఆపుకుని చేసేస్తాం. పావుగంట పనికోసం అరగంట సేపు రోడ్డు మీద తిరిగి బోర్డులు పెట్టడం, మళ్లీ తీయడం ఇంకా ప్రమాదం అని నా ఉద్దేశం.

సుధ_ట్రాఫిక్
నీటిపైపు గారూ, మీ మాటలో నిజం ఉంది, అయితే అది ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు అన్నదే అసలు ప్లాను.

అమెరికాలో రోడ్డు బోర్డులు, గుర్తులు, ట్రాఫిక్ ఏర్పాట్లకి వాడే ఎంయూటీసీడీ అనే మాన్యువల్ 6వ భాగంలో పనుల్ని పట్టే సమయాన్ని బట్టి విడదీశారు. గంటలోపు అయిపోయేది షార్ట్ డ్యూరేషన్. పగటిపూట గంట దాటినా ఆ పగటి వెలుగులోనే ముగిసేది షార్ట్ టర్మ్. ఒక పగలు దాటి 3 రోజుల వరకూ సాగేది ఇంటర్మీడియట్, రాత్రిపూట పని గంట దాటినా ఇందులోకే వస్తుంది. గంటలోపు పనుల్లో చాలాసార్లు అసలు పని కంటే కోన్లు పెట్టి తీయడానికే ఎక్కువసేపు పడుతుందని వాళ్లూ ఒప్పుకున్నారు. అందుకే సామాను తగ్గించుకోవచ్చనీ, దూరం నుంచి బాగా కనిపించే లైట్లున్న బండి కొన్ని బోర్డుల బదులు పనికొస్తుందనీ అన్నారు.

ఇంతవరకూ చదివి పుస్తకం మూసేస్తేనే ఇబ్బంది. పని 15 నిమిషాలే అని వెనక వచ్చే డ్రైవరుకి తెలియదు. వాడికి తెలిసేదల్లా బండి ఎంత దూరంలో కనిపించింది, తను ఎంత వేగంలో ఉన్నాడు అన్నదే. రోడ్డు డిజైన్ లెక్కల్లో బండి ఆగడానికి కావాల్సిన దూరం గంటకు 50 కిలోమీటర్ల వేగంలో 65 మీటర్లు, 60లో 85, 80లో 130. తేరుకుని బ్రేకు మీద కాలు వేయడానికి పట్టే రెండున్నర సెకన్లు కూడా అందులోనే ఉన్నాయి. కాలనీ లోపలి తిన్నటి రోడ్డు మీద మీ బీకన్ లైటు 200 మీటర్ల నుంచి కనిపిస్తే మీ పద్ధతి సరిపోతుంది. అదే మీ బండి, వాహనాలు 80 మీద పోయే రోడ్డులో మలుపు తిరగ్గానే నిలబడి ఉంటే, పని పావుగంటైనా పూటైనా తేడా లేదు. పని చిన్నదైతే సామాను తగ్గించుకోండి, దూరం మాత్రం తగ్గించకండి.

నీటిపైపు
అర్థమైంది మేడమ్. అంటే ముందు చూడాల్సింది వేగం, చూపు, తర్వాతే సమయం. మేం అటునుంచి ఇటు వస్తున్నాం.

లెక్కల_మాస్టారు
కేబుల్_గ్యాంగ్ గారూ, 6 కోన్లన్నారు కదా, అవి ఎక్కడిదాకా సరిపోతాయో చూద్దాం.

ఒకే వైపు రెండు లేన్లున్న రోడ్డులో ఒక లేను మూసేయాలనుకోండి. బండ్లను పక్క లేనులోకి తోయడానికి కోన్లను ఏటవాలుగా పెడతామే, ఆ టేపర్ పొడవుకి సూత్రం ఉంది. వేగం 60 లేదా అంతకు తక్కువైతే, మూసే వెడల్పుని మీటర్లలో తీసుకుని, వేగాన్ని వేగంతోనే హెచ్చవేసి, రెండింటినీ గుణించి 155తో భాగించాలి. వేగం 70 లేదా అంతకు మించితే వెడల్పు ఇంటు వేగం, భాగించు 1.6. లేను మూడున్నర మీటర్లైతే 40 వేగానికి 36 మీటర్లు, 50కి 56, 60కి 81 వస్తుంది. 80 దగ్గర ఏకంగా 175. వేగం రెట్టింపైతే టేపర్ దాదాపు ఐదు రెట్లైంది చూడండి, కంటితో అంచనా వేసే వాళ్లంతా దెబ్బతినేది ఇక్కడే.

టేపర్‌లో కోనుకీ కోనుకీ మధ్య దూరం వేగంలో ఐదో వంతు మీటర్లు, తర్వాత తిన్నగా పోయే వరసలో దానికి రెట్టింపు. 60 వేగానికి టేపర్ వరకే 8 కోన్లు పడతాయి. ఆ తర్వాత ఖాళీగా వదిలే బఫరు, పని జరిగే చోటు, చివర్న బండ్లను మళ్లీ లేనులోకి వదిలే చిన్న టేపరు కలిపితే 17 దాకా పోతుంది. ఒకటో రెండో బండ్ల కింద పడతాయి కాబట్టి 20 ఉంచుకోండి. 6 కోన్లు బండి చుట్టూ పెట్టుకోవడానికే చాలవు.

కేబుల్_గ్యాంగ్
మాస్టారూ, వేగం అంటే బోర్డు మీద రాసిందా, జనం నిజంగా పోయేదా?

లెక్కల_మాస్టారు
రెండింటిలో ఏది ఎక్కువైతే అది తీసుకోండి. 50 బోర్డున్న రోడ్డులో బండ్లు 70 మీద పోతుంటే, 50 లెక్కన వేసిన టేపర్ చివరికొచ్చేసరికి డ్రైవరుకి తిప్పుకునే చోటుండదు. పని మొదలుపెట్టక ముందు, రద్దీ లేని వేళ ఎంత వేగంలో పోతున్నాయో చూసుకోవాలి. రద్దీలో మెల్లగా కదులుతున్నప్పుడు చూసి సరిపెట్టుకుంటే, రద్దీ తగ్గగానే మీ లెక్క తప్పుతుంది.

మ్యాన్‌హోల్
మాస్టారు చెప్పింది ఒకే దిశలో రెండు లేన్లున్న రోడ్డుకి. వచ్చేదొక లేను, పోయేదొక లేను ఉన్న మామూలు రోడ్డులో సగం మూసి, జెండాలతో ఒక్కో వైపు నుంచీ వదులుతుంటే టేపర్ పొడుగ్గా వేయకూడదు, ఇది చాలామందికి తెలియదు. అక్కడ 15 నుంచి 30 మీటర్లు చాలు, కోన్లు దగ్గరదగ్గరగా ఓ 6 మీటర్లకొకటి పెట్టాలి. పొడుగ్గా ఏటవాలుగా వేస్తే డ్రైవరు పక్క లేనులోకి వెళ్లిపొమ్మని దారి చూపించారనుకుంటాడు, వేగం తగ్గించకుండా ఎదుటి బండికి ఎదురెళ్తాడు. పొట్టిగా ఉంటే ముందు దారి మూసుకుపోయినట్టు కనిపించి ఆగుతాడు. ఆగడమే కదా మనకి కావాల్సింది.

పాతకాపు
ఇవన్నీ బాగానే ఉన్నాయి, నేను చెప్పేది పెట్టే వరస గురించి. మనుషులకి దెబ్బలు తగిలేది పని జరిగేటప్పుడే అనుకుంటారు. కోన్లు పెట్టేటప్పుడు, తీసేటప్పుడు ఉన్నంత ప్రమాదం మరెప్పుడూ ఉండదు, ఎందుకంటే అప్పటికింకా అడ్డం ఏదీ లేదు.

పనికి అన్నిటికంటే దూరంగా ఉండే హెచ్చరిక బోర్డు మొదట పెట్టాలి. రెండు వైపులా రాకపోకలుంటే ఎదుటి దిశలో బోర్డులు ముందు పెట్టేసి రావాలి. తర్వాత బండ్లు పోయే దిశలోనే మనమూ కదులుతూ టేపరు, ఆపైన తిన్నటి వరస పెట్టుకుపోవాలి. తీసేటప్పుడు దీనికి తలకిందులు, చివర పెట్టింది ముందు తీయాలి, మొదటి బోర్డు అన్నిటికంటే ఆఖరున రావాలి. నేను చూసిన గ్యాంగుల్లో సగం మంది పని అవగానే దగ్గర్లో ఉందని ముందు బోర్డు ఎత్తేసి బండిలో వేసేస్తారు, అప్పుడు ఇంకో కుర్రాడు టేపరు కోన్లు ఏరుతూ రోడ్డు మధ్యలో వంగి ఉంటాడు. వెనక వచ్చేవాడికి వీడున్నాడని చెప్పేదేమీ మిగల్లేదు.

ఇంకోటి, కోను తెచ్చేవాడు వాహనాలకి వీపు చేసి నడవకూడదు. ఒకడు పెడుతుంటే ఇంకొకడు వచ్చే బండ్లవైపే చూస్తూ నిలబడాలి, వాడికి వేరే పనేమీ చెప్పకూడదు.

జెండా_పట్టేవాణ్ణి
పాతకాపు అన్నా, ఆ చివరి మాట కోసమే రాస్తున్నా. నాకు జెండా ఇచ్చి నిలబెడతారు, గోతిలో కేబుల్ లాగడానికి ఒక చెయ్యి తక్కువైతే "ఒరేయ్ ఒక్క నిమిషం ఇలా రా" అని పిలుస్తారు. ఆ ఒక్క నిమిషంలో అటూ ఇటూ రెండు బస్సులు మధ్యలో ఎదురుపడతాయి. జెండా మనిషిని గ్యాంగు లెక్కలో కలపొద్దు, ప్లాన్‌లోనే వాణ్ణి విడిగా రాయండి.

నేను నేర్చుకున్నవి చెప్తా. లేనులో కాకుండా రోడ్డు అంచున నిలబడాలి, మొదటి బండి పూర్తిగా ఆగాకే వెనక వాళ్లకి కనిపించేలా కొంచెం లోపలికి వస్తా. పక్కన ఎవరూ గుంపుగా ఉండకూడదు, గుంపులో ఉంటే ఆపేది ఎవరో డ్రైవరుకి తెలియదు. ఆగిన బండ్ల మధ్యనో, మన లారీ ముందో అస్సలు నిలబడను, వెనక్కి దూకడానికి చోటు చూసుకునే నిలబడతా. జెండా ఊపితే ఆగమంటున్నాడో రమ్మంటున్నాడో సగం మందికి అర్థం కాదు, ఒకవైపు 'ఆగు', ఇంకోవైపు 'నెమ్మదిగా' అని రాసున్న చేతి బోర్డు ఇస్తే నా పని సగం తేలికవుతుంది. కేబుల్_గ్యాంగ్ సార్, జెండాలు ఎమర్జెన్సీకి ఉంచి, అలాంటి బోర్డులు రెండు కొనివ్వండి.

కేబుల్_గ్యాంగ్
రాసుకున్నా తమ్ముడూ. రెండు చివర్లూ ఒకరికొకరు కనిపించకపోతే ఏం చేస్తారు? మా దగ్గర వాకీటాకీలు సగం పనిచేయవు.

జెండా_పట్టేవాణ్ణి
పని చోటు పొట్టిగా ఉండి, రెండు వైపుల డ్రైవర్లకీ నేను కనిపిస్తుంటే ఒక్కణ్ణే ఆడిస్తా. కనిపించకపోతే ఇద్దరు కావాల్సిందే. వాకీటాకీ ఉంటే, వదిలిన వరసలో ఆఖరి బండి రంగు, రకం చెప్తా, అది దాటాక అవతలివాడు వదుల్తాడు. అదీ లేకపోతే ఆఖరి బండి డ్రైవరు చేతికి జెండా ఇచ్చి పంపడమే. అవతలి చివర ఆ జెండా అందేదాకా వాడు ఎవర్నీ వదలడు. పాత పద్ధతే, కానీ ఆ జెండా అందిందంటే మధ్యలో ఇంకెవరూ లేరని గట్టిగా తెలుస్తుంది.

స్టీరింగ్
బస్సు నడుపుతాను. మీరంతా గోతి వైపు నుంచి మాట్లాడుతున్నారు, సీట్లోంచి ఎలా కనిపిస్తుందో చెప్తా. బోర్డుని ఆగి ఉన్న లారీ వెనకో, చెట్టుకొమ్మల కిందో పెడతారు. పెట్టినవాడు పక్కన నిలబడి చూస్తే కనిపిస్తుంది, నాకు దగ్గరికొస్తే గానీ కనపడదు. పెట్టాక ఒకసారి మీ బండిలోనే ఆ దారిన వచ్చి చూసుకోండి.

రెండోది, వదిలిన దారి వెడల్పు. బస్సులు, లారీలు పోవాలంటే 3 మీటర్లైనా ఉండాలి. మలుపు దగ్గరైతే ఇంకా కావాలి, ముందు చక్రాలు తిరిగాక వెనక చక్రాలు లోపలికి కోస్తాయి. కోను తగిలి పడిందని నన్ను తిట్టే ముందు ఎంత చోటు వదిలారో కొలవండి.

మూడోది నాకు అన్నిటికంటే బాధ. పని అయిపోయినా బోర్డు అక్కడే వదిలేస్తారు. రోజూ ఆ దారిన పోయేవాళ్లం, 'పని జరుగుచున్నది' అని చూసి మెల్లగా పోతాం, ఎవరూ ఉండరు. కొన్నాళ్లకి ఆ బోర్డుని ఎవరూ పట్టించుకోరు. నిజంగా మనుషులున్న రోజున కూడా పట్టించుకోరు. భోజనానికి వెళ్లినా కనీసం బోర్డుకి గుడ్డ కప్పండి, లేదా పక్కకి తిప్పండి.

తెల్లకర్ర
నాకు చూపు లేదు, ఈ చర్చ స్క్రీన్ రీడర్‌తో చదువుతున్నాను. ఇప్పటిదాకా ఒక్కరూ ఫుట్‌పాత్ గురించి మాట్లాడలేదు. కేబుళ్లు, పైపులు ఎక్కువగా ఉండేది ఫుట్‌పాత్ కిందే.

గోతి చుట్టూ ఎరుపు తెలుపు చారల రిబ్బన్ కడతారు. నా కర్ర నేల మీద అటూ ఇటూ కదుల్తుంది, రిబ్బన్ నడుము ఎత్తులో ఉంటుంది. కర్ర దాని కింద నుంచి దూరిపోతుంది, రిబ్బన్ నా పొట్టకి తగిలేసరికి పాదం గోతి అంచున ఉంటుంది. తవ్విన మట్టి మెత్తగా ఉండటంతో ఏదో తేడాగా ఉందని తెలిసి ఆగిన సందర్భాలున్నాయి. మట్టిని అవతలివైపు పోసి ఉంటే ఆ గుర్తు కూడా ఉండదు. గట్టి బారికేడ్లు, సందు లేకుండా ఒకదానికొకటి తగిలించి పెట్టాలి. బ్రిటన్ రోడ్డు పనుల నియమావళిలో కర్రకి తగిలేలా కింద ఒక పట్టీ ఉండాలని ఉంది, దాని వెడల్పు కనీసం 150 మిల్లీమీటర్లు, కింది అంచు నేల నుంచి 200 మిల్లీమీటర్లకి మించి పైకి ఉండకూడదు. నడిచే దారి వీలైతే మీటరున్నర, ఏ పరిస్థితిలోనైనా మీటరుకి తగ్గకూడదు.

ఇంకొక మాట. దారి మూసినప్పుడు "అవతలి వైపు నుంచి వెళ్లండి" అని బోర్డు పెడతారు. జనరేటరు, కట్టరు మోగుతుంటే వచ్చే బండి చప్పుడు నాకు వినిపించదు. అక్కడ నన్ను రోడ్డు దాటమంటే ఎలా దాటను? గోతి పక్కనుంచే రోడ్డులో బారికేడ్లతో దారి ఇవ్వండి, ఫుట్‌పాత్ అంచు దిగేచోట ర్యాంపు వేయండి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకీ, పిల్లల బండి తోసేవాళ్లకీ అదే కావాలి.

సుధ_ట్రాఫిక్
మీరు రాసింది ఈ చర్చలో ముందే రావాల్సిన మాట. కేబుల్_గ్యాంగ్ గారూ, ఫుట్‌పాత్ దారి రోడ్డులోకి వస్తే మీ లేను వెడల్పు తగ్గుతుంది, అప్పుడు టేపరు, జెండాలు అన్నీ మారతాయి. కాబట్టి ముందు నడిచేవాళ్ల దారి గీసి, మిగిలినదాంట్లో బండ్లకి చోటు చూడాలి.

కేబుల్_గ్యాంగ్
నిజమే, నేను ఆ వరసలో ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు మా పనిలో ఉన్న అసలు చిక్కు చెప్తా. గంట అనుకున్నది గంటలో అవదు. ఫాల్ట్ ఒకచోట చూపించి గొయ్యి తీశాక ఇంకాస్త అవతల దొరుకుతుంది. జాయింటు మొదలుపెట్టాక మధ్యలో ఆపడానికి లేదు. పొరలు ఒలిచి, కండక్టర్లు కలిపి, హీట్ ష్రింక్ స్లీవు (వేడికి ముడుచుకుని బిగుసుకునే తొడుగు) ఎక్కించాక జాయింటరు బ్లోటార్చి పట్టుకుని మధ్య నుంచి చివరలకి మంట తిప్పుతూ పోతాడు. ఎక్కడా గాలి బుడగ మిగలకూడదు, ఒకచోట మంట ఎక్కువసేపు ఆగితే స్లీవు కాలిపోతుంది. ఆ మంట హోరులో వాడికి వెనక ఏముందో వినపడదు, తల తిప్పి చూడలేడు. అప్పుడే వెలుగు పోవడం మొదలవుతుంది. పగటి ఏర్పాట్లతో రాత్రిలోకి వెళ్లిపోతాం.

సుధ_ట్రాఫిక్
అందుకే వర్గం ఎంచుకునేటప్పుడు పని మామూలుగా ఎంతసేపు పడుతుందో కాకుండా, ఆలస్యమైతే ఎంతసేపు పట్టొచ్చో చూసి ఎంచుకోవాలి. జాయింటు మొదలుపెట్టే ముందు ఒకచోట ఆగి గడియారం చూడండి. మొదలుపెడితే వెలుగులో ముగుస్తుందా లేదా అన్నది అక్కడే తేల్చాలి. ముగియదంటే రాత్రి సామాను ముందే తెప్పించండి, లేదా గోతిని భద్రంగా మూసి మర్నాడు చేయండి.

రాత్రికి కనీసం 700 మిల్లీమీటర్ల ఎత్తున్న, మెరిసే పట్టీలున్న కోన్లు కావాలి. గోతి దగ్గర ఫ్లడ్ లైటు పెట్టినప్పుడు అది ఎదుటి డ్రైవరు కళ్లలో కొట్టకుండా కిందికి వంచండి. మన వైపు నుంచి అంతా పట్టపగల్లా కనిపిస్తుంది, వచ్చేవాడికి మాత్రం ఆ వెలుగు వెనక ఉన్న మనుషులు కనపడరు. రెండు దిశల్లోనూ బండి నడిపి చూసుకోవడమే మార్గం.

పాతకాపు
కోన్ల పట్టీలు తుడవండి కూడా. బండి వెనక మట్టితో కలిపి పడేస్తే కొత్త కోను కూడా చీకట్లో కనపడదు.

నీటిపైపు
బండి ఎక్కడ ఆపాలి? గోతికి ముందా, తర్వాతా? మా వాళ్లలో రోజూ ఇదే గొడవ.

మ్యాన్‌హోల్
బండ్లు వచ్చే వైపు, గోతికి ముందు. ఎవడైనా దూసుకొస్తే ముందు లారీకి తగలాలి. కానీ గోతి అంచుకి ఆనించి ఆపకండి, గుద్దితే లారీ ముందుకి జరుగుతుంది, ఆ జరిగే చోటు వదలాలి. హ్యాండ్ బ్రేకు వేసి, ముందు చక్రాలు పనివాళ్లకి దూరంగా తిప్పి ఉంచండి, డ్రైవరు సీట్లో కూర్చుని ఫోన్ చూసుకోకూడదు. టేపరుకీ ఆ లారీకీ మధ్య బఫరులో ఏమీ పెట్టొద్దు. మట్టి, పైపులు, కేబుల్ డ్రమ్ము అన్నీ అక్కడే పడేస్తారు, ఖాళీగా ఉంది కదా అని. ఖాళీగా ఉండటమే దాని పని.

ఇంకో విషయం, చౌరస్తా, రైలు గేటు. సగం రోడ్డు మూసి జెండాలతో ఆపితే వెనక వరస పెరుగుతుంది. ఆ వరస పట్టాల మీదికి పాకితే గేటు పడే వేళకి మధ్యలో ఇరుక్కున్నవాడు ముందుకీ పోలేడు, వెనక్కీ రాలేడు. గేటు దగ్గర పని ఉంటే రైల్వే వాళ్లతో ముందే మాట్లాడండి, పట్టాల మీద బండి ఆగకుండా చూసేందుకు అక్కడొక మనిషిని పెట్టండి. అదీ కుదరకపోతే ఆ వేళలో ఆ పని చేయొద్దు, నేనైతే ఒప్పుకోను.

కేబుల్_గ్యాంగ్
చాలా పనికొచ్చింది. నేను చేయబోయేది చెప్తా, తప్పులుంటే పట్టండి. మాకు మళ్లీ మళ్లీ తగిలే పరిస్థితులు నాలుగైదే: ఫుట్‌పాత్, రోడ్డు అంచు, రెండు లేన్ల రోడ్డులో సగం, వెడల్పు రోడ్డులో ఒక లేను, చౌరస్తా దగ్గర. ఒక్కోదానికి ఒక్కో పేజీ బొమ్మ ముందే గీయించి, వేగాన్ని బట్టి దూరాలు అందులోనే రాయించి, లామినేట్ చేసి బండిలో పెడతా. ఫోన్ వచ్చినప్పుడే రోడ్డు రకం, వేగం, మలుపుందా, గేటుందా, నడిచేవాళ్ల దారుందా అని అడిగి, ఏ పేజీయో, ఎన్ని కోన్లో, ఎంతమందో బండి కదలక ముందే నిర్ణయిస్తాం. 20 కోన్లకి, రెండు చేతి బోర్డులకి, బారికేడ్లకి ఈ వారమే ఇండెంట్ పెడుతున్నా.

సుధ_ట్రాఫిక్
బాగుంది. ఒకటి చేర్చండి. ఆ పేజీల్లో ఏదీ సరిపోని చోటు వస్తుంది. అప్పుడు దగ్గర్లో ఉన్నదాన్ని సర్దుకుని చేయమని గ్యాంగుకి వదిలేయకండి. పని ఆపి ఎవరికి ఫోన్ చేయాలో ఆ కాగితం మీదే రాయండి, ఆపినందుకు మాట పడకుండా మీరు చూసుకోండి.

కేబుల్_గ్యాంగ్
తప్పకుండా మేడమ్. చివరిగా ఒక్కటి, మలుపు దాటిన వెంటనే గొయ్యి ఉంటే బోర్డు దూరం ఎక్కడి నుంచి కొలవాలి? గోతి నుంచేనా?

లెక్కల_మాస్టారు
గోతి నుంచి కొలవకండి. జెండా మనిషి దగ్గర బండ్ల వరస ఎక్కడిదాకా ఆగుతుందో అంచనా వేయండి, ఆ వరస చివరి బండి మలుపు అవతలి నుంచి వచ్చేవాడికి ఆగే దూరం ముందే కనపడాలి. కనపడకపోతే జెండా మనిషినీ టేపర్నీ బండ్లు మలుపులోకి రాకముందు ఉన్న తిన్నటి రోడ్డు మీదికి లాగండి. మూసే పొడవు పెరుగుతుంది, నాలుగు కోన్లు ఎక్కువ పడతాయి. బోర్డులన్నీ అక్కడి నుంచి వెనక్కి కొలుచుకోండి.